గోడకి తగిలించిన బ్యాడ్జి

మొన్న సాయంత్రం మా అన్నయ్య కూతురు సింధు నన్ను ఏలూరు కాలవగట్టు మీద నూడుల్స్ బండి దగ్గరికి లాక్కెళ్ళింది. అది ఏలూరులోనే హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. నాకు ఆ తిండి బొత్తిగా పడదు. ఆ మాట చెప్పినా అది వింటేనా. బండతను కాలుతున్న మూకుట్లో వెనిగర్ చిమ్మాడు. ఆ పుల్లటి ఘాటు ముక్కుకి తగలగానే నాకు మా ఆసుపత్రి పాత డార్క్ రూమ్ గుర్తొచ్చింది. ఎక్స్‌రే ఫిల్ములు చేత్తో కడిగే రోజుల్లో ఫిక్సర్ అనే మందునీళ్ళ తొట్టి దగ్గర ఇదే వాసన. ఇప్పుడంతా కంప్యూటర్ తెర మీదే కాబట్టి ఆ వాసన చూసి చాలా ఏళ్ళయింది. నేను ప్లేటు పట్టుకుని అలాగే నిలబడిపోతే, సింధు నూడుల్స్ జుర్రుకుంటూ మధ్యలో, "నాన్నకి దగ్గు తగ్గట్లేదత్తా. నెల దాటింది. నీకు చెప్పొద్దన్నాడు" అంది. నేను ప్లేటు బండి మీద పెట్టేశాను. మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి రమ్మని అన్నయ్యకి అక్కణ్ణుంచే ఫోన్ చేశాను. దగ్గుకి ఇంత హడావుడి ఏంటని విసుక్కున్నాడు. విసుక్కుంటే విసుక్కోనీ, రమ్మన్నాను.

మా అన్నయ్య దగ్గంటే నాకెందుకంత భయమో చెప్పాలంటే రత్నం మాస్టారి గురించి చెప్పాలి. ఆయన ఏలూరులో ఒక మిషన్ ఆసుపత్రిలో ఎక్స్‌రే గది ఇన్‌చార్జి. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో నేను కొల్లేటి సరస్సులో ఉన్న మా ఊరు కొల్లేటికోట నుంచి టెక్నీషియన్ కోర్సు కోసం వచ్చి ఆయన దగ్గర చేరాను. అప్పటికి ఆయనకి యాభై దాటాయి. సన్నగా, పొడుగ్గా ఉండేవారు, మెడ కాస్త ముందుకి వంచి నడిచేవారు. ఏ బడిలోనూ పాఠం చెప్పకపోయినా ఆసుపత్రంతా మాస్టారనే పిలిచేది. వెనకాల మాత్రం పిరికి మాస్టారు అనేవాళ్ళు. ఆ పేరు ఊరికే రాలేదు. ఎక్స్‌రే గది తలుపు వేశాక మళ్ళీ తోసి చూసేవారు. మేం వేసుకునే సీసం ఆప్రాన్లు లోపల ఎక్కడైనా చిట్లాయేమోనని వాటికే ఎక్స్‌రే తీసేవారు. పెళ్ళయిన ఆడమనిషి ఎవరొచ్చినా, పక్కనున్న అత్తగారిని బయట కూర్చోబెట్టి, నెల తప్పిందేమోనని మెల్లగా అడిగేవారు. లేదంటే కాసేపాగి మళ్ళీ అడిగేవారు. ఎన్ని తిట్లు తిన్నారో లెక్కే లేదు.

అన్నిటికంటే ఆయనకి బ్యాడ్జి పట్టింపు ఎక్కువ. అదో చిన్న ప్లాస్టిక్ బిళ్ళ. చొక్కా జేబుకి తగిలించుకోవాలి. మన ఒంటి మీద ఎన్ని కిరణాలు పడ్డాయో అది పట్టి ఉంచుతుంది. మూడు నెలలకోసారి దాన్ని పోస్టులో పంపిస్తే ఎవరికి ఎంత తగిలిందో లెక్క వస్తుంది. మా గదిలో అందరికీ దాదాపు సున్నా వచ్చేది. సున్నా వచ్చినప్పుడల్లా మాస్టారు కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పుకునేవారు. ప్రతిసారీ వచ్చేది సున్నాయే, ప్రతిసారీ ఆయన స్తోత్రం ఆయనదే. నాకు నవ్వాగేది కాదు. ఒకసారి నేను బ్యాడ్జి మర్చిపోయి గదిలోకి అడుగు పెడితే, తలుపు దగ్గర అడ్డంగా నిలబడ్డారు. "హాస్టల్ దగ్గరే కదమ్మా నాగమణీ, వెళ్ళి తెచ్చుకో. రోగులు ఆగుతారు" అన్నారు. ఎండలో పోయి తెచ్చుకున్నాను. దారి పొడుగునా ఆయన్ని తిట్టుకున్నాననుకోండి.

చేరిన కొత్తలో ఒక పెద్దాయనకి ఛాతీ ఎక్స్‌రే తియ్యమన్నారు. కలిదిండి వైపు నుంచి వచ్చిన రైతు. స్టాండుకి ఛాతీ ఆనించి నిలబెట్టి, "గట్టిగా ఊపిరి పీల్చి బిగబట్టండి" అని అద్దం వెనక్కి వెళ్ళి బటన్ నొక్కాను. ఫిల్ము పట్టుకుని డార్క్ రూమ్‌లోకి దూరాను. కాసేపటికి మాస్టారు కేక. ఊపిరి వదలమని చెప్పడం మర్చిపోయాను. ఆ పెద్దాయన డాక్టరు చెప్పిన మాట జవదాటని రకం, మొహం కందగడ్డలా అయిపోయి గుడ్లు తేలేస్తూ అలాగే నిలబడ్డాడు. మాస్టారు ఆయన్ని కూర్చోబెట్టి వీపు నిమిరి, టీ తెప్పించి ఇచ్చి పంపించారు. నన్ను తిడతారనుకున్నాను. తిట్టలేదు. "అమ్మా, నేనో చిట్కా చేస్తాను. వాళ్ళని బిగబట్టమన్నప్పుడు నేనూ బిగబడతాను. నాకు ఊపిరాడనప్పుడు వాళ్ళు గుర్తొస్తారు" అన్నారు. ఆ రోజు నుంచి నేనూ అలాగే చేస్తున్నాను. ఇప్పటికి ఎన్ని వేల ఛాతీలు తీశానో, అన్నిసార్లూ ఊపిరి బిగబట్టాను.

ఇంత భయస్తుడు ఈ పనిలో ఎందుకున్నాడా అని నాకు ఉండబట్టేది కాదు. నా నోరు ఆగే రకం కాదు, అడిగేశాను. "మాస్టారూ, ఇంత భయపడేవారు ఏ పోస్టాఫీసులోనో చేరకపోయారా అండీ?" ఆయన నవ్వారు. లేచి, నన్ను మిషన్ దగ్గరికి తీసుకెళ్ళి, గోడకున్న పెద్ద మెయిన్ స్విచ్ కట్టేశారు. గదిలో సన్నగా వినపడే రొద ఆగిపోయింది. "ఇప్పుడు ఈ గదిలో కిరణాలున్నాయా?" అన్నారు. లేవన్నాను. "ఇప్పుడు ఆ బల్ల మీద నీ బిడ్డని పడుకోబెట్టి నిద్రపుచ్చుకోవచ్చు. మన మిషన్‌కి స్విచ్ ఉందమ్మా. కట్టేస్తే ఆగుతుంది. అందుకే దీని దగ్గర పని చెయ్యగలుగుతున్నాను. కట్టేసినా ఆగనివి కొన్ని ఉన్నాయి. వాటి దగ్గరికి నేను చచ్చినా వెళ్ళను." అవేమిటని అడిగాను. అప్పుడు చెప్పారు, అణు విద్యుత్ కేంద్రంలో మిషన్ ఆపినా లోపలి ఇంధనం చల్లారడానికి ఏళ్ళు పడుతుందని, వాడి తీసేసిన దాన్ని మన మనవళ్ళ మనవళ్ళ దాకా కాపలా కాయాలని. నేను పరీక్షకి పనికొస్తుందని విన్నాను. అంతకు మించి పట్టించుకోలేదు.

ఆ రోజుల్లో పేపర్ల నిండా అణు విద్యుత్తు మాటే. మన సముద్రం ఒడ్డున కూడా ఒకటి పెడతారని అనుకునేవారు. ఆసుపత్రి క్యాంటీన్‌లో ఒక కుర్ర డాక్టరుగారు మాస్టారిని ఆట పట్టించడానికే ఆ సంగతి ఎత్తేవాడు. "మాస్టారూ, బొగ్గు పొగ కంటే ఇది శుభ్రం కదండీ. దేశానికి కరెంటు కావాలా వద్దా?" అనేవాడు. అబద్ధం కాదు కూడా, వేసవిలో కోతలతో మా ఊళ్ళు మాడిపోయేవి. మాస్టారు ఎదురు చెప్పడంలో కూడా మర్యాద తప్పేవారు కాదు. "కావాలండి. పొగ ఉండదు, ఒప్పుకుంటానండి. కానీ మిగిలిన చెత్త ఎక్కడ పోస్తారో అది చెప్పండి" అనేవారు. డాక్టరుగారు భూమిలో లోతుగా పాతిపెడతారని ఏదో చెప్పేవాడు. మాస్టారు నా వైపు చూపించేవారు. "ఈ అమ్మాయిని అడగండి. కొల్లేటికోట పిల్ల. పైనుంచి ఊళ్ళవాళ్ళు, ఫ్యాక్టరీలవాళ్ళు ఏది వదిలినా చివరికి ఎక్కడికొస్తుందో వీళ్ళకి తెలుసు. వదిలినవాడు దూరంగా పోయిందనే అనుకుంటాడండి." నాకు ఆ మాట మాత్రం తగిలింది. మా అమ్మ కొల్లేటి నీళ్ళు కడవతో తెచ్చి అలాగే తాగించిన రోజులు చెప్పేది. నా కాలానికి ఆ నీళ్ళతో కాళ్ళు కడుక్కుంటే దురద.

మాస్టారు మాటలతో ఊరుకునే మనిషి కాదు. తాడేపల్లిగూడెంలో సత్యంగారని ఆయన స్నేహితుడికి సోలార్ వాటర్ హీటర్లు, లాంతర్లు అమ్మే చిన్న షాపు ఉండేది. ఆయన దగ్గర్నుంచి ఒక సోలార్ పలక తెచ్చి ఇంటి డాబా మీద పెట్టించారు. రెండు లైట్లు, ఒక ఫ్యాను. పొద్దున్నే ఆయనా, ఆయన భార్య కరుణమ్మగారూ తడిబట్టతో దాని దుమ్ము తుడిచేవారు. వీధిలోవాళ్ళు దాన్ని మాస్టారి అప్పడాల బల్ల అనేవాళ్ళు. మబ్బు పట్టిన రోజు ఫ్యాను నీరసంగా తిరిగేది. "చూశారా, మీ సూర్యుడికి జ్వరం" అని నేను ఏడిపించేదాన్ని. "తగ్గుతుందిలేమ్మా. ఆయన జ్వరం వల్ల ఎవరూ చావరు" అనేవారు. ఒకటొప్పుకోవాలి, ఊరంతా కరెంటు పోయి ఉక్కపోతతో మేం హాస్టల్లో విసనకర్రలు ఊపుకుంటుంటే ఆ ఇంట్లో మాత్రం ఫ్యాను తిరిగేది. నేను ఏదో డౌటు వంక పెట్టుకుని వెళ్ళి ఆ ఫ్యాను కింద కూర్చునేదాన్ని. కరుణమ్మగారికి నా వంక తెలుసు. పాపం, మజ్జిగ కూడా ఇచ్చేది.

కోర్సు అయిపోయి అక్కడే ఉద్యోగంలో చేరాను. ఆ తర్వాత కొన్నేళ్ళకి కొల్లేట్లో సరస్సుని ఆక్రమించి కట్టిన చేపల చెరువుల గట్లు ప్రభుత్వంవాళ్ళు కొట్టేశారు. సరస్సు కోసం అది మంచిదో కాదో నేను తీర్పు చెప్పలేను. మా అన్నయ్య సూరిబాబు మాత్రం అప్పటిదాకా చెరువుల్లోనే బతికాడు. మేత చల్లడం, వల లాగడం, తెల్లారకముందే నీళ్ళు వాసన చూసి చేపలకి గాలాడుతోందో లేదో చెప్పడం వాడి పని. చెరువు పోయాక ఆ పని పోయింది. పెళ్ళయి ఏడాది. దుర్గ వదిన గట్టిది, పల్లెత్తు మాటనేది కాదు. కైకలూరు వైపు నుంచి ఎవరో మేస్త్రీ వచ్చి, వేరే రాష్ట్రంలో అణు విద్యుత్ కేంద్రంలో కాంట్రాక్టు పని ఉందన్నాడు. మిషన్లు ఆపి మరమ్మతులు చేసేటప్పుడు లోపల తుడవడానికి, మొయ్యడానికి మనుషులు కావాలట. నెలో, నెలన్నరో పని, మంచి కూలి. అన్నయ్య వెళ్ళాడు. ఒకసారి వెళ్ళొచ్చాడు, రెండోసారీ వెళ్ళొచ్చాడు. వచ్చినప్పుడల్లా కాస్త నునుపుగా, కొత్త చొక్కాతో కనిపించేవాడు. నాకు సంతోషంగానే ఉండేది.

రెండోసారి వచ్చాక నన్ను చూడ్డానికి ఆసుపత్రికి వచ్చాడు. మధ్యాహ్నం, రోగులు లేరు. ఎక్స్‌రే గది బయట బెంచీ మీద నేనూ, మాస్టారూ టీ తాగుతున్నాం. అన్నయ్య మాస్టారి జేబుకున్న బ్యాడ్జి చూసి గుర్తుపట్టి నవ్వాడు.

"మాకూ ఇలాంటిదే ఇస్తారండి."

"మంచిది బాబూ. తప్పకుండా పెట్టుకోవాలి" అన్నారు మాస్టారు.

"పెట్టుకుంటే కుదరదండి. మా లెక్క ఏ రోజుకారోజు చూస్తారు, పెట్టిన హద్దు దాకా తొందరగా నిండిపోద్ది. నిండితే ఇక చాలు, ఇంటికి పొమ్మంటారు. మా మేస్త్రీ ఉపాయం చెప్పాడు. లోపలికెళ్ళే ముందు కుళాయి పక్కన గోడకి మేకులుంటాయండి. వాటికి తగిలించేసి వెళ్తాం. వచ్చేటప్పుడు తీసుకుంటాం. మాలో చాలామంది అంతేనండి."

చెబుతూ నవ్వాడు. చెరువు మీద కాపలావాణ్ణి మాయచేసి రెండు చేపలు పట్టుకొచ్చిన కథ చెప్పినట్టు చెప్పాడు. నేనూ నవ్వబోయి మాస్టారి వైపు చూసి ఆగిపోయాను. ఆయన చేతిలో గ్లాసు పక్కకి ఒరిగింది. టీ ప్యాంటు మీద ఒలికింది, తుడుచుకోలేదు.

"ఎన్నిసార్లు బాబూ, అలా?"

"లెక్కెవరు పెట్టారండి."

మాస్టారు తన జేబుకున్న బ్యాడ్జిని తడిమి చూసుకున్నారు. తర్వాత, మాలో ఎవరికీ కాకుండా, "అయితే ఆ గోడకేం కాలేదన్నమాట" అన్నారు. అన్నయ్యకి ఆ మాట అర్థం కాలేదు. నాకు అర్థమైంది.  ఆ బిళ్ళ పట్టుకున్నది గోడకి తగిలిన కిరణాలని. మా అన్నయ్య ఒంటికి ఎంత తగిలిందో ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. ఇక తెలుసుకునే దారీ లేదు.

ఆ వారం మాస్టారు సరిగ్గా అన్నం తినలేదని కరుణమ్మగారు చెప్పింది. మళ్ళీ రమ్మని మేస్త్రీ కబురు చేశాడని, ఇప్పుడు వదినకి ఐదో నెల అని అన్నయ్య ఫోన్‌లో చెప్పాడు. ఆ సంగతి మాస్టారికి చెప్పాను. ఆదివారం చర్చి అయ్యాక, "పదమ్మా, మీ ఊరు వెళ్దాం" అన్నారు. నేను నమ్మలేదు. ఎంచేతంటే అవి వానాకాలం రోజులు, మా ఊరి దారి నీళ్ళలో ఉంది, చివర్లో పడవ ఎక్కాలి. మాస్టారికి పడవంటే ప్రాణభయం. ఏలూరు కాలవ మీద వంతెన దాటేటప్పుడే నడిమధ్య నడిచేవారు. ఆ రోజు తెల్లచొక్కా మీద రెండు చేతులూ కట్టుకుని పడవెక్కారు. ఎక్కగానే చేతులు విడిచి రెండంచులూ పట్టుకున్నారు, కళ్ళు మూసుకున్నారు, దిగేదాకా తెరవలేదు. గెడ వేసే మనిషి నన్ను చూసి కన్ను గీటాడు. నాకు ఆ రోజు నవ్వు రాలేదు.

మా ఇంటి అరుగు మీద కూర్చున్నారు. వదిన చేపల పులుసుతో అన్నం పెట్టింది. తిన్నారు, బాగుందన్నారు, చెయ్యి కడుక్కుని అన్నయ్యతో మొదలుపెట్టారు. వెళ్ళొద్దన్నారు. అన్నయ్య మర్యాదగానే విన్నాడు గానీ లోపల ఉడుకుతున్నాడని నాకు తెలుసు.

"మీరు కూడా రోజూ ఆ కిరణాల దగ్గరే కదండీ పనిచేసేది" అన్నాడు.

"అవును బాబూ. నా బ్యాడ్జి నా ఒంటి మీద ఉంటుంది."

"మీకు జీతం ఆగదండి. మాకు అది నిండితే పని ఆగుద్ది. నేను వెళ్ళేది ఈ పుట్టబోయే బిడ్డ కోసమే."

 మాస్టారు చేతులు ఒళ్ళో పెట్టుకుని కొల్లేటి వైపు చూస్తూ కూర్చున్నారు. నాకు ఆయన మీద జాలేసింది. అన్నయ్య చెప్పిందీ తప్పు కాదు మరి. అప్పుడు వదిన గుమ్మంలోంచి మాట్లాడింది.

"ఏవండీ మాస్టారూ, అది నిండితే ఆపమని రూలు పెట్టారు కదా. అది ఈయన మేలుకా, వాళ్ళ మేలుకా?"

"ఈయన మేలుకేనమ్మా. ఆ రూలు పెట్టినవాడు మీ ఆయన్ని కాపాడదామనే పెట్టాడు."

వదిన అన్నయ్య వైపు తిరిగింది. "అయితే వెళ్ళండి. కానీ దాన్ని ఒంటి మీంచి తియ్యనని నా మీద ఒట్టేసి వెళ్ళండి." అన్నయ్య గొడవ తెమిలిపోతే చాలనుకున్నాడేమో, వేశాడు. తిరుగు ప్రయాణంలో మాస్టారు పడవలో కళ్ళు తెరిచే కూర్చున్నారు. అప్పటికి ఆయన భయమంతా వేరేచోట ఉంది, నీళ్ళ సంగతి మర్చిపోయారనుకుంటాను.

అన్నయ్య వెళ్ళిన తర్వాత రోజులు ఎలా గడిచాయో నాకు బాగా గుర్తు. ఫోన్ మోగితే ఉలిక్కిపడేదాన్ని. మాస్టారు పొద్దున్నే రాగానే, "కబురేమైనా ఉందా అమ్మా?" అనేవారు. లేదంటే తలూపి మిషన్ వేసేవారు. పట్టుమని పది రోజులు కాకుండానే ఒక మధ్యాహ్నం అన్నయ్య సంచీ భుజాన వేసుకుని స్టేషన్ నుంచి తిన్నగా ఆసుపత్రికొచ్చాడు. మొహం మాడిపోయి ఉంది. నన్ను పలకరించకుండా మాస్టారి మీదికి వెళ్ళాడు.

"మీ మాట విని చెడిపోయానండి. ఒట్టేశానని తియ్యలేదు. వారం తిరక్కుండా నిండింది. పంపించేశారు. రూలు తప్పుతున్నవాళ్ళంతా అక్కడే ఉన్నారు, రూలు పాటించినవాణ్ణి నేనొక్కణ్ణీ ఇక్కడున్నాను. మేస్త్రీ ఇక పిలవనన్నాడు."

సున్నా వస్తే స్తోత్రం చెప్పుకునే మనిషి, ఆ రోజు నిండిందంటే కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పుకున్నారు. అన్నయ్య రెండు చేతులూ పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టారు. కానీ ఒక్క నిమిషమే ఆ సంతోషం.  "వారంలోనే నిండిందా?" అని మళ్ళీ అడిగారు. అవునన్నాడు అన్నయ్య. మాస్టారు నా వైపు చూశారు. ఇద్దరం ఒకటే అనుకున్నాం. వారానికే నిండితే, ముందు రెండుసార్లూ అన్నేసి రోజులు ఆ బిళ్ళ గోడకుంది. అన్నయ్య లోపల ఉన్నాడు. అన్నయ్యకి మాత్రం ఆ ఆలోచన రాలేదు, లేదా వచ్చినా మింగేశాడు. ఆ చూపుని మేం ఆ తర్వాత ఎప్పుడూ మాటల్లో పెట్టుకోలేదు.

మర్నాడే మాస్టారు సెలవు పెట్టి అన్నయ్యని రైల్లో తాడేపల్లిగూడెం తీసుకెళ్ళారు. సత్యంగారి షాపులో కుదిర్చారు. ఏం చెప్పి ఒప్పించారని తర్వాత అన్నయ్యని అడిగితే, "ఏం చెప్పలేదు. రైలు దిగేదాకా నన్ను బతిమాలాడు. పెద్దాయన, కాదనలేకపోయాను" అన్నాడు. మొదట్లో వాడికి ఆ పని నచ్చలేదు. డాబాలెక్కి పలకలు బిగించడం, బ్యాటరీల్లో నీళ్ళు పొయ్యడం చిన్నతనంగా ఉండేది. ఒకసారి ఏదో వైరు తిరగేసి కలిపి ఒక ఇంట్లో లైట్లన్నీ ఆర్పేసి, సిగ్గుతో మాస్టారి ఇంటికొచ్చాడు. నేనక్కడే ఉన్నాను. మాస్టారు హాయిగా నవ్వారు. ఆయన అంత హాయిగా నవ్వడం నేను అదే చూడ్డం. "దీంట్లో నువ్వు తప్పు చేస్తే ఏమవుతుంది బాబూ? దీపం వెలగదు. రేపు పొద్దున్న వెళ్ళి సరిచేస్తావు. ఇంతకంటే మంచి పని ఏముంది?" అన్నారు. అన్నయ్య ఆ మాట తన దగ్గర పనిచేసే కుర్రాళ్ళకి ఇప్పటికీ చెబుతాడు. ఇప్పుడు వాడికి సొంత షాపుంది. మా వైపు చేపల చెరువుల్లో నీళ్ళకి గాలి పట్టించే మిషన్లలో కొన్ని వాడు బిగించిన పలకల మీదే నడుస్తున్నాయి.

సింధు పుట్టినప్పుడు దాన్ని చూడ్డానికి మాస్టారు మళ్ళీ పడవెక్కారు. బిడ్డని చేతుల్లోకి తీసుకుని వేళ్ళు లెక్కపెట్టారు. అందరం చూస్తుండగా చేతివేళ్ళు, కాలివేళ్ళు, చెవులు అన్నీ తడిమి చూశారు. మా అమ్మ దిష్టి తగులుతుందని గొణిగింది. నేను ఆ రోజు మాస్టారి పక్కన నిలబడి ఆయనతో పాటు లెక్కపెట్టాను.

ఆయన రిటైరయ్యాక ఎక్స్‌రే గది బాధ్యత నాకిచ్చారు. కొన్నేళ్ళకి మాస్టారు గుండెజబ్బుతో పోయారు. కిరణాల వల్ల కాదు. చివరిసారి ఇంటికి చూడ్డానికి వెళ్ళినప్పుడు మంచం మీంచి అడిగింది ఒకటే, "సూరిబాబుకి ఒంట్లో బాగుంటోందా అమ్మా?" బాగున్నాడని చెప్పాను. నిజమే చెప్పాను. ఇప్పటిదాకా వాడికి ఏమీ కాలేదు. కాకపోవచ్చు కూడా. కానీ వాడికి జ్వరమొస్తే నాకు నిద్రుండదు. ఒంట్లో నీరసమన్నాడంటే రక్తపరీక్షకి లాక్కెళ్తాను. "అచ్చం మీ మాస్టారివే నువ్వు" అని వెక్కిరిస్తాడు. దెబ్బ తగిలితే రక్తమొస్తుంది, కాలితే బొబ్బొస్తుంది. ఇది మాత్రం తగిలిందో లేదో చెప్పకుండా కూర్చుంటుంది. నేను భయపడేది జబ్బుకి కూడా కాదేమో, ఆ తెలియకపోవడానికి. శుభ్రమైన కరెంటని పొగిడేవాళ్ళని చూస్తే నాకు కోపం రాదు. వాళ్ళలో మంచివాళ్ళున్నారు, లెక్కలు తెలిసినవాళ్ళున్నారు. కానీ ఆ లెక్కల్లో గోడకి తగిలించిన బ్యాడ్జిలు ఎన్ని కలిశాయో వాళ్ళకీ తెలియదు. ఆ ఒక్క ముక్క నన్ను పట్టుకుని వదలదు.

నిన్న అన్నయ్య పొద్దున్నే వచ్చాడు, వెంట వదిన. దగ్గుతూనే లోపలికొచ్చాడు. నా దగ్గర పనిచేసే అమ్మాయి మిషన్ వేస్తుంటే ఆగమని నేనే వెళ్ళాను. జుట్టు నెరిసింది వాడికి. చొక్కా విప్పించి స్టాండుకి ఆనించి నిలబెట్టాను. భుజాలు ముందుకి తొయ్యమన్నాను, తోశాడు. ఎండల్లో డాబాల మీద నల్లబడిన వీపు. నేను అద్దం వెనక్కి వెళ్ళి జేబు తడుముకున్నాను, బ్యాడ్జి ఉంది.

"గట్టిగా ఊపిరి పీల్చి బిగబట్టు" అన్నాను. వాడు బిగబట్టాడు. నేనూ బిగబట్టాను. బటన్ నొక్కాను.

ఇప్పుడు ఫిల్ము కడిగేది లేదు. తెర మీద బొమ్మ అప్పటికప్పుడే పడింది. పక్కటెముకలు, గుండె, రెండు పక్కలా ఊపిరితిత్తులు. నేను తెరకి ముక్కు ఆనించినంత దగ్గరగా వంగి పై నుంచి కిందికి, మళ్ళీ కింద నుంచి పైకి వెతికాను. ఎక్కడా మచ్చ లేదు. మామూలు దగ్గే అయ్యుంటుంది, దుమ్ములో పని. కానీ ఆ కుళాయి పక్క గోడ దగ్గర జరిగింది ఈ బొమ్మలో ఎక్కడా పడదని నాకు తెలుసు. తెలిసే వెతికాను. ఇంకా వెతుకుతూనే ఉన్నాను, తలుపు అవతల నుంచి వదిన "ఏమైందమ్మా?" అంటోంది.

స్టాండు దగ్గర్నుంచి అన్నయ్య బిగబట్టిన ఊపిరితోనే అడిగాడు.

"ఊపిరి వదలమంటావా, వద్దా?"